సువార్త చేతిలోని బిందె

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మానవహక్కులు, క్రైస్తవ విశ్వాసం అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. నేను విశ్వాసిని కాను. మతాలన్నీ స్త్రీని ఎట్లా అణిచిపెట్టాయో చెప్పడం మా తరం స్త్రీవాదులకు చాలా తేలికైన పని. ఏళ్ళ తరబడి అదే చెప్పాం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ పరిశోధన కోసం ప్రకాశం, గుంటూరు జిల్లాల మాదిగపల్లెల్లో, మాలపల్లెల్లో తిరిగిన తర్వాత నాకు ఆ తేలికతనం పోయింది. కూలి రేటు గురించి అడిగినా, భర్త కొట్టిన దెబ్బల గురించి అడిగినా అక్కడి స్త్రీలు చివరికి ఒక మాట దగ్గరికే వచ్చేవాళ్ళు: మమ్మల్ని కూడా దేవుడు తన పోలికలోనే చేశాడు గదా అని. ఈ మాటను భ్రమ అని కొట్టిపారేసే హక్కు నాకెవరిచ్చారు?

అందుకని సిద్ధాంతంతో కాకుండా ఒక నీళ్ళబిందెతో మొదలుపెడతాను. 1985 జూలై 16న కారంచేడులో మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర ఒక అగ్రకుల యువకుడు గేదెల కుడితి బకెట్టు కడిగి ఆ మురికిని చెరువులోకి వదిలాడు. ఒక దళిత పిల్లవాడు అభ్యంతరం చెబితే అతన్ని కొట్టారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీదికి వచ్చినవాళ్ళ మీద బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. ఇదంతా మనం చాలాసార్లు చెప్పుకున్న చరిత్రే. అయితే ఆమె పేరు సువార్త అనీ, హతుల్లో ఒకరి పేరు మోషే అనీ మనం వినీ విననట్టు ఊరుకున్నాం. కులం గురించి రాశాం, భూమి గురించి రాశాం, ఆలస్యంగానైనా స్త్రీల గురించి రాశాం. ఆ పేర్లు ఎక్కడినుంచి వచ్చాయని అడగలేదు.

ఆ పేర్ల వెనక వందేళ్ళకు పైబడిన కథ ఉంది. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో ఆయన దగ్గరికి వచ్చి వింటున్నది అగ్రకులాలవాళ్ళు. యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు రావడం మొదలుపెట్టగానే, వాళ్ళను చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలవాళ్ళు తేల్చి చెప్పారు. ఆ రాత్రి తనూ తన భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని, లోకం నీచంగా చూసినవాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం అది, క్లౌ రాసుకున్నాడు. ఈ యాదృచ్ఛికతను నమ్మాలో లేదో మీ ఇష్టం. దాని ఫలితం మాత్రం చరిత్ర. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తిండి కోసం మారారని ఆనాడే అన్నారు, ఈనాడూ అంటున్నారు. ఆకలితో ఉన్నవాడి నిర్ణయానికి విలువ లేదనడం కూడా కులం మాట్లాడే మాటే అని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ డాక్టరేటు చేసిన మనిషి. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద 1898లో ఒక పుస్తకం అచ్చువేసింది. మర్నాటి ఏడాది ఒంగోలు మాదిగల జీవితం మీద ఇంకో పుస్తకం వేసింది. ఈ రెండు పుస్తకాలూ ఒకే చేతినుంచి వచ్చాయని తెలుగు స్త్రీవాదులం ఎంతమందిమి గుర్తుపెట్టుకున్నాం? ఆవిడ మాదిగల గురించి రాసిన తీరులో మిషనరీ పెత్తనం లేకపోలేదు. అయినా ఆ తలుపు అప్పుడే తెరుచుకుంది.

ఇంకో దిక్కు నుంచి చూద్దాం. 1948 విశ్వ మానవహక్కుల ప్రకటనను తయారుచేసినవాళ్ళలో లెబనాన్‌కు చెందిన ఛార్లెస్ మాలిక్ క్రైస్తవ తత్వవేత్త. మనిషి గౌరవం ప్రభుత్వం ఇచ్చేది కాదు, అంతకుముందే ఉన్నది అని ఆయన పట్టుబట్టాడు. చైనా ప్రతినిధి పి.సి. చాంగ్ దేవుడి ప్రస్తావన వద్దన్నాడు, ప్రపంచంలో అందరి దేవుడూ ఒకటి కాదు గనక. దేవుడు లేకుండానే గౌరవం అనే మాట ప్రకటనలో నిలబడింది. మన హంసా మెహతా పట్టుబట్టకపోతే మొదటి వాక్యం 'పురుషులందరూ' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతోనే ఉండిపోయేది. ఆమె దాన్ని 'మనుషులందరూ' అని మార్పించింది. ఎవరి విశ్వాసం వాళ్ళు తెచ్చుకున్నా ఉమ్మడి వాక్యం రాయవచ్చు అనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలీదు.

మరి చర్చి తన ఇంట్లో ఏం చేసింది? దేవుని పోలికలో చేయబడిన స్త్రీకి 1869 నాటి విడాకుల చట్టం ఇచ్చిన స్థానం చూడండి. భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్యకు అది చాలదు, దాంతోపాటు క్రూరత్వమో, వదిలివేయడమో కూడా రుజువు చేయాలి. భార్యతో సంబంధం పెట్టుకున్నవాడి దగ్గర భర్త నష్టపరిహారం కూడా అడగవచ్చు, అంటే భార్య ఆస్తి. 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్షను కొట్టేసింది. పార్లమెంటు చట్టం మార్చడానికి 2001 దాకా పట్టింది. అంతకుముందు 1986లో మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిస్తేగాని తిరువాన్కూరు క్రైస్తవ కూతుళ్ళకు తండ్రి ఆస్తిలో సమానవాటా రాలేదు. ఆమెను మెచ్చుకున్న పూజారులు ఎక్కువమంది లేరు. మన నంద్యాలలో 2013లో పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్ అయ్యారు. అది సంతోషమే. ఆ పక్కనే, సొంత సంఘంలోనే మాలలు ఒకవైపు మాదిగలు ఒకవైపు కూర్చునే చర్చిలు నేను చూశాను.

అసలు చిక్కు చట్టంలో ఉంది. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాళ్ళు షెడ్యూల్డు కులం కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు, ముస్లింలకు సడలించలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. మన రాష్ట్రాల్లో వీళ్ళకున్నది బి.సి.-సి కింద ఒక శాతం. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ ఎస్.సి. ధ్రువపత్రం అడిగితే, చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమని సుప్రీంకోర్టు అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో క్రైస్తవుడైనవాడికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. కారంచేడు వంటి మారణకాండల నేపథ్యంలో 1989లో వచ్చిన చట్టమది. ఈ లెక్కన సువార్త చేతిలో బిందె ఉండగా ఆమెను కొట్టినవాడికి ఆమె మతం ఏమిటో తెలియనక్కర్లేదు, ఆమె ఫిర్యాదు రాసుకునేవాడికి మాత్రం తెలియాలి.

మీలో చాలామంది పల్లెల్లో కేసులు రాయించేవాళ్ళు. రెండేసి పేర్లున్న స్త్రీలు మీకు తెలుసు, బడి రిజిస్టరులో ఒకటి, చర్చి రిజిస్టరులో ఒకటి. నాకు తెలిసిన ఒకామెను భూమి తగాదాలో కొట్టారు. ఫిర్యాదు కాగితం నేనే రాశాను. "ఏ పేరు రాయమంటావమ్మా?" అని అడిగింది. కేసు నిలబడాలని బడి పేరే రాయమన్నాను, రమణమ్మ అని. ఆవిడ ఏమీ అనలేదు. కాగితం కింద నెమ్మదిగా సంతకం పెట్టింది. మర్నాడు స్టేషన్ నుంచి ఆ కాగితం తిరిగి వచ్చింది. పైన రమణమ్మ, కింద మరియమ్మ. ఇదేమిటని అడిగితే, ఆదివారం బళ్ళో నేర్పిన సంతకం అదొక్కటే వచ్చమ్మా, అంది.