శాస్త్రజ్ఞునిపై నింద

పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న శ్రీహరికోట మీకు క్రొత్తది కాదు. 2022 వఱకు మన నెల్లూరు జిల్లాలోనిదే; తరువాత తిరుపతి జిల్లాలో చేరినది. 1994 అక్టోబరు 15వ తేదీన అచ్చటినుండి పి.యస్.యల్.వి. రాకెట్టు లేచి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆ రాకెట్టు రెండవ అంచెలోని వికాస్ ఇంజనును సిద్ధపఱచినవారిలో ముఖ్యుడు నంబి నారాయణన్. ఆఱు వారములు గడచెనో లేదో, నవంబరు 30వ తేదీన కేరళ పోలీసులు ఆయనను నిర్బంధించిరి. రాకెట్టు రహస్యములను పరదేశమునకు అమ్మెనని అభియోగము.

విచారణకు ముందే పత్రికలు తీర్పు చెప్పినవి. న్యాయస్థానము వెలుపల జనులు దేశద్రోహి యని కేకలు వేసిరి. ఆయన 50 దినములు చెఱలో నుండెను. అభియోగమునకు ఆధారము లేదని 1996లో సి.బి.ఐ. తేల్చెను. 50 లక్షల రూపాయల పరిహార మిమ్మని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించునప్పటికి 2018 వచ్చినది. ఆయనకు 76 ఏండ్లు.

జనులెట్లు నమ్మిరి? రైతు పనితనము చేనిలో కనబడును. కుమ్మరి కుండను వ్రేలితో కొట్టి చూడవచ్చును. శాస్త్రజ్ఞుని పని గోడల వెనుక జరుగును, ఆయన మాట మనకర్థము కాదు. నేనును ఆ వార్తలు చదివి నమ్మినవాడనే. ఆవు దొంగిలింపబడినదని ఫిర్యాదు వచ్చినచో, అసలు ఆవున్నదా యని మీరు మొదట అడుగుదురు గదా! ఆయన అమ్మెనన్న క్రయోజనిక్ ఇంజను అప్పటికి మన దేశము చేసికొననే లేదు. ఆ ప్రశ్న అడిగినవారు కొందఱే.

ఆయన పని నెఱిగినవారు ఊరకుండలేదు. సతీశ్ ధావన్, యు. ఆర్. రావు, యశ్‌పాల్ మొదలగు పెద్దలు కలసి, ఇది కల్పిత మని ప్రభుత్వమునకు లేఖ వ్రాసిరి.

మన తీరమునకును రొయ్యల చెఱువుల నీరు పరీక్షించువారు, టీకాలు వేయువారు వచ్చుచుందురు. వారిపై పుకారు పుట్టినప్పుడు రచ్చబండ యొద్దకు పిలిచి, అందఱి యెదుట అడిగి, జవాబు చెప్పనిండు. తప్పున్నచో అచ్చటనే తేలును. మీ యూరి బిడ్డ యెవరైన పరిశోధకుడై నిందపడినచో, తీర్పు వచ్చువఱకు ఆ యింటికి రాకపోకలు మానకుడు. ఆ తల్లిదండ్రులను పెండ్లిపేరంటములకు పిలువుడు. నింద అబద్ధమని తేలిననాడు, దానిని చాటిన నోటనే అదియు చాటింపుడు.

2002లో శ్రీహరికోట కేంద్రమునకు క్రొత్త పేరు పెట్టిరి. అది ఆ లేఖ వ్రాసినవారిలో నొకరైన సతీశ్ ధావన్ పేరు.