సీసా కదపకండి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యం, కణ భౌతికశాస్త్రం, పదార్థ విజ్ఞానం, ఈ మూడింటిలో పరిశోధన ఎలా సాగుతుందో చెప్పమని సంఘం వారు నన్ను అడిగారు. నేను డాక్టర్ని కాను, భౌతిక శాస్త్రవేత్తనూ కాను. ముప్పై ఏళ్లు కొలిమి ముందు కూర్చుని స్ఫటికాలు పెంచినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన ఒక స్ఫటికం కథ చెప్తాను. ఆ మూడు శాస్త్రాలూ అందులోనే కలుస్తాయి. నా వరకు ఆ కథ ఈ బడిలోనే మొదలైంది.

నేను తొమ్మిదో తరగతి, మా అక్క పదో తరగతి. సైన్సు మాస్టారు రెండు తరగతుల వాళ్లనూ మైలుతుత్తం స్ఫటికాలు పెంచమన్నారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వేడినీళ్లలో మైలుతుత్తం ఇక కరగనంత వరకు కలిపి, గుడ్డలో వడగట్టి, హార్లిక్స్ సీసాలో పోయాలి. దారానికి చిన్న పలుకు కట్టి, పెన్సిలుకు వేలాడదీసి, కాగితం మూత వేసి కిటికీలో పెట్టాలి. మాస్టారు చెప్పిన నియమం ఒక్కటే: "సీసా కదపకండి."

నేను రోజూ కదిపాను. ఎంత పెరిగిందోనని సీసా ఎత్తి వెలుతురులో చూసేవాణ్ణి. పదిహేను రోజులకు సీసా అడుగున నీలం రవ్వ మిగిలింది, దారానికి ఏమీ లేదు. అక్క తన సీసా జోలికి వెళ్లలేదు. రోజూ నాలుగడుగుల దూరంలో నిలబడి చూసి, నోటు పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయేది. దాని స్ఫటికం బొటనవేలంత పెరిగింది. అంచులు కత్తిరించినట్టు ఉండేవి. మాస్టారు దాన్ని బీరువాలో పెట్టారు.

ఆ వేసవిలో అక్క చదువు ఆగిపోయింది. ఇంట్లో ఒకరినే కాలేజీకి పంపగలిగే పరిస్థితి. ఎవర్ని పంపాలన్న చర్చ కూడా జరిగినట్టు నాకు గుర్తు లేదు. సీసా కదిపినవాడు కాలేజీకి వెళ్లాడు. ఈ మాట మళ్లీ చివర్లో అవసరమవుతుంది.

ఇప్పుడు స్ఫటికం కథ. 1916లో యాన్ చోక్రాల్‌స్కీ అనే పోలండ్ శాస్త్రవేత్త బెర్లిన్‌లో పనిచేస్తూ, ఏదో రాసుకుంటూ, కలాన్ని సిరాబుడ్డిలో ముంచబోయి పక్కనున్న కరిగిన తగరంలో ముంచాడని చెప్తారు. పైకి తీస్తే పాళీకి సన్నటి తగరపు తీగ వేలాడింది. పరీక్షిస్తే ఆ తీగంతా ఒకే స్ఫటికం! ఈ రోజు మీ జేబుల్లో ఉన్న ఫోన్లలోని సిలికాన్‌ను పెంచేది ఆ పద్ధతిలోనే. నేను ముప్పై ఏళ్లు చేసిందీ అదే. ప్లాటినం మూసలో బిస్మత్, జెర్మేనియం ఆక్సైడ్లను 1,050 డిగ్రీల దగ్గర కరిగించడం, విత్తన స్ఫటికాన్ని తాకించి తిప్పుతూ గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున పైకి లాగడం. దారం బదులు కడ్డీ, హార్లిక్స్ సీసా బదులు మూస, అంతే తేడా.

ఇలా పెరిగే స్ఫటికాన్ని బీజీవో అంటారు. చూడటానికి గాజులా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే దాదాపు ఇనుమంత బరువు. గామా కిరణం దాన్ని తాకితే లోపల చిన్న వెలుగు మెరుస్తుంది. ఆ మెరుపును లెక్కపెడితే కిరణం ఎక్కడ తగిలిందో, ఎంత శక్తితో తగిలిందో తెలుస్తుంది. గామా కిరణం తేలిక పదార్థాల్లోంచి దూసుకుపోతుంది. దాన్ని ఆపాలంటే బరువు కావాలి, మెరుపు బయటికి రావాలంటే పారదర్శకత కావాలి. ఈ రెండూ ఒకే వస్తువులో దొరకడం అరుదు.

ఇది భౌతిక శాస్త్రవేత్తలకూ కావాలి, డాక్టర్లకూ కావాలి. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో 1989లో మొదలైన ఎల్3 ప్రయోగానికి ఇలాంటి బీజీవో స్ఫటికాలు సుమారు 11 వేలు వాడారు. వాటిని చైనాలోని షాంఘైలో పెంచారు. తర్వాత అక్కడే సీఎంఎస్ ప్రయోగానికి లెడ్ టంగ్‌స్టేట్ అనే ఇంకో స్ఫటికం, 75 వేలకు పైగా పెట్టారు. అది స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా బరువు, అయినా అద్దంలా ఉంటుంది. హిగ్స్ కణం పుట్టిన వెంటనే విడిపోతుంది. కొన్నిసార్లు రెండు గామా కిరణాలుగా విడిపోతుంది. 2012 జులై 4న హిగ్స్ దొరికిందని ప్రకటించినప్పుడు, చూపించిన ఆధారాల్లో ఆ జంట కిరణాలు ముఖ్యమైనవి. వాటిని పట్టినవాటిలో ఈ స్ఫటికాలు ఉన్నాయి.

ఇక ఆస్పత్రి వైపు వద్దాం. 1928లో డిరాక్ రాసిన సమీకరణం నుంచి, ఎలక్ట్రానుకు వ్యతిరేక విద్యుదావేశం ఉన్న జోడు కణం ఉండాలని తేలింది. 1932లో అండర్సన్ దాన్ని విశ్వకిరణాల్లో చూశాడు. అదే పాజిట్రాన్. అది ఎలక్ట్రానును కలిస్తే రెండూ మాయమై, రెండు గామా కిరణాలు సరిగ్గా ఎదురెదురు దిక్కులకు వెళ్తాయి. ఆ రోజు "దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అని ఎవరైనా అడిగి ఉంటే, ఆ ఇద్దరి దగ్గరా జవాబు ఉండేది కాదు.

జవాబు నాకు కొన్నేళ్ల క్రితం ఒక ఆస్పత్రి వరండాలో దొరికింది. మా అక్కకు లింఫోమా వచ్చింది. అది లింఫు గ్రంథుల క్యాన్సర్. కీమో పూర్తయ్యాక కూడా మామూలు స్కాన్‌లో ఛాతీలో గడ్డ కనిపిస్తూనే ఉంది. అది బతికున్న క్యాన్సరా, చచ్చిన కణాలు మిగిల్చిన మచ్చా? బతికుంటే ఇంకా ఘాటైన మందులివ్వాలి. మచ్చయితే ఆపెయ్యాలి. ఆ తేడా గడ్డ పరిమాణం చూసి చెప్పలేరు. పెట్ స్కాన్ చేయించమన్నారు.

అందులో ముందు చక్కెర లాంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. ఆ ఫ్లోరిన్‌ను సైక్లోట్రాన్‌లో తయారు చేస్తారు. ఆ యంత్రం కూడా మొదట అణుకేంద్రకాలను పరిశోధించడానికి పుట్టిందే. 110 నిమిషాల్లో ఆ ధార్మికత సగమైపోతుంది కనుక మరీ దూరాల నుంచి తెప్పించుకోవడం కుదరదు. బతికున్న క్యాన్సర్ కణాలు ఆ చక్కెరను ఆబగా లాక్కుంటాయి. అక్కడ పాజిట్రాన్లు పుడతాయి, జంట కిరణాలు ఎదురెదురుగా బయటికొస్తాయి. రోగి చుట్టూ వలయంగా పేర్చిన వేల చిన్న స్ఫటికాలు వాటిని పడతాయి. మొదట్లో ఎక్కువగా బీజీవో వాడేవారు. ఇప్పుడు చాలా యంత్రాల్లో అంతకన్నా త్వరగా మెరిసే ఎల్ఎస్‌వో రకం వాడుతున్నారు. దాన్ని కనిపెట్టిన మెల్చర్ అప్పుడు వెతుకుతున్నది చమురు బావుల్లోకి దించే పరికరాల కోసం.

మందు ఎక్కించాక గంటసేపు కదలకుండా పడుకోవాలి. కండరాలు పనిచేస్తే చక్కెర వాటికే పోతుంది. లోపలికి వెళ్తూ అక్క నాతో అంది, "చూశావురా, ఈసారి మైలుతుత్తం పలుకును నేనే. ఎవరూ కదపకూడదుట."

నేను బయట కూర్చున్నాను. ఆ గదిలోని స్ఫటికాలు నేను పెంచినవి కావు. కానీ వాటిని పెంచడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకసారి పన్నెండో రోజు రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపే వేడి పడిపోయి స్ఫటికం నిలువునా పగిలింది. మర్నాడు ఫోనులో చెప్తే అక్క నవ్వి, "సీసా కదిపావా?" అని అడిగింది. అలా పగిలినవి చాలా ఉన్నాయి. నిలిచినవే లెక్కలోకి వస్తాయి.

స్కాన్‌లో గడ్డ ఉన్నచోట వెలుగు లేదు. మచ్చే. మందులు ఆపేశారు. అక్క ఇప్పుడు మూడో వరసలో కూర్చుని, తన గురించి ఎందుకు చెప్తున్నానా అని నా వైపు కోపంగా చూస్తోంది.

హిగ్స్ కణం మా అక్కను బతికించిందని నేను అనడం లేదు. అలా అంటే మాస్టారు ఒప్పుకోరు. భౌతికశాస్త్రం కోసం కనిపెట్టింది వైద్యానికి పనికొచ్చింది, చమురు కోసం వెతికింది ఆస్పత్రికి చేరింది. ఏది ఎక్కడికి చేరుతుందో ముందుగా చెప్పగలిగినవాళ్లు లేరు. చేయగలిగింది ఒక్కటే, ఓపికగా చూసేవాళ్లకు చోటు, సమయం ఇవ్వడం.

అందుకే ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఆర్చి కట్టాలా, సైన్సు ల్యాబు బాగుచేయాలా అన్న చర్చ జరుగుతోందని విన్నాను. పొద్దున ల్యాబు చూసి వచ్చాను. విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి, కిటికీకి తలుపు లేదు. నా వంతు డబ్బు ల్యాబుకు ఇస్తున్నాను. అందులో కొంత, పదో తరగతితో చదువు ఆగిపోయే పరిస్థితిలో ఉన్న ఒక ఆడపిల్ల ఇంటర్మీడియట్ ఖర్చుకు విడిగా ఉంచమని కోరుతున్నాను. ఆర్చి మీద నా అభిప్రాయం మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా ఇద్దరిలో అసలైన ప్రయోగశీలి అక్క. మాస్టారికి అది ఆ రోజే తెలుసు. నాకు తెలియడానికి ముప్పై ఏళ్ల కొలిమి పట్టింది.

ఇప్పటి ఉపాధ్యాయులకు చివరి మాట. ల్యాబు బాగయ్యాక పిల్లలతో మళ్లీ మైలుతుత్తం సీసాలు పెట్టించండి. దసరా సెలవుల్లో ఊడ్చేవాళ్లు వాటిని పక్కకు జరపకుండా ఆ కిటికీ దగ్గర ఒక కాగితం అంటించండి. ఏం రాయాలో మీకు తెలుసు.