మన గుట్టల కింది యురేనియం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా సైన్సు సారు బోర్డు మీద పరమాణువు బొమ్మ వేస్తుంటే, అదంతా అమెరికా, రష్యాల సంగతి అనుకునేవాణ్ణి. మన దేవరకొండకు దగ్గర్లో, లంబాపూర్, పెద్దగట్టు గుట్టల కిందే యురేనియం ఉందని అప్పుడు నాకు తెలియదు.

2003లో అక్కడ గనుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పక్కనే సాగర్ నీళ్లు. ఫ్లోరైడుతో నడుములు వంగిన జిల్లాకు నీళ్ల విలువ ఒకరు చెప్పాలా? జనం వద్దన్నారు. తర్వాత పాలమూరు వైపు అమ్రాబాద్ అడవి వంతు వచ్చింది. చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు కదిలాయి. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానించింది.

అలాగని నేను అణు విద్యుత్తుకు శత్రువును కాను. మోటరు నడవనిదే మన బోరు నీళ్లు పైకి రావు. బొగ్గు కాలిస్తే పొగ, బూడిద తప్పవు. మరి దారేది?

ఒక లెక్క చెప్తాను. సహజ యురేనియంలో 1000 పాళ్లకు 7 పాళ్లే యురేనియం-235. మిగిలినదంతా యురేనియం-238. మన భారజల రియాక్టర్లు మొత్తం యురేనియంలో నూటికి ఒక పాలు కూడా ఖర్చు చేయలేవు. బస్తా పల్లీలు కొని గుప్పెడు తిని, మిగతాది కొట్లో పెట్టి తాళం వేసినట్టన్నమాట.

ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు ఆ మిగిలినదాన్ని ప్లుటోనియంగా మార్చి వాడుకుంటుంది. కల్పాక్కంలో 500 మెగావాట్ల రియాక్టరు కట్టింది అందుకే. అందులో వేడిని మోసేది నీళ్లు కాదు, కరిగిన సోడియం. సోడియం ముక్క నీళ్లలో పడితే ఏమవుతుందో మన ల్యాబులో చూశాం కదా! 1995లో జపాన్‌లోని మోంజు రియాక్టరులో సోడియం కారి మంటలు వచ్చాయి.

ఆపై మెట్టు థోరియం. అది మన సముద్రతీరపు ఇసుకలో దొరుకుతుంది. అయితే నేరుగా ఇంధనం కాదు, ముందు యురేనియం-233గా మారాలి. ఆ ఇంధనంతో నడిచే కామిని అనే చిన్న పరిశోధనా రియాక్టరు 1996లో కల్పాక్కంలోనే మొదలైంది. హోమీ భాభా 1950ల్లోనే ఈ మూడు మెట్లూ ఆలోచించారు. ఎక్కడమే ఆలస్యమవుతోంది.

ఈ ఆలస్యం మనకు పట్టని విషయం కాదు. ఇప్పటికే తవ్విన యురేనియం నుంచి ఎంత ఎక్కువ కరెంటు తీయగలిగితే, మన గుట్టల మీద, నల్లమల మీద కన్ను అంత తక్కువ పడుతుంది. రియాక్టరు డిజైన్ మంచిదైతే ఒక ఊరు మిగులుతుంది.

పిల్లలూ! ఎవరైనా "ఇది స్వచ్ఛమైన కరెంటు" అంటే, పొగ వస్తుందా అని మాత్రమే అడగకండి. ఇంధనం ఎవరి ఊరు తవ్వి తెచ్చారు, మిగిలిన వ్యర్థం ఎవరి ఊరి పక్కన దాస్తారు అని కూడా అడగండి. ఈ రెండింటికీ మంచి జవాబు చెప్పగల ఇంజినీరు మన బడి నుంచే రావాలని నా కోరిక.