పరిశోధన గ్రాంటు: మార్కులు వేయని అధికారి బాధ్యత

ప్రభుత్వం పరిశోధనకు డబ్బు ఇచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి: తలపెట్టిన పని శాస్త్రపరంగా నిలబడేదేనా అన్నది మొదటిది, ఆ పని ఇప్పుడు జనానికి అవసరమా అన్నది రెండవది. మొదటిదానికి అదే రంగంలో ఆరితేరినవారే జవాబు చెప్పగలరు. రెండవదానికి వారి మాట ఒక్కటే చాలదు. ఒక శాస్త్రజ్ఞుడి ప్రతిపాదనను తోటి శాస్త్రజ్ఞుల చేత పరీక్ష చేయించే పద్ధతికి పీర్ రివ్యూ అని పేరు. ఆ పరీక్షను నడిపించే అధికారి తాను మార్కులు వేయరు, ఏది గొప్పదో చెప్పరు; అయినా పరీక్ష న్యాయంగా సాగడం, సాగకపోవడం చాలావరకు ఆయన చేతిలోనే ఉంటుంది.

కౌతాళం, ఆదోని ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఈ వైపు నల్లరేగడిలో పండిన పత్తిని వ్యాపారులు ‘వెస్టర్న్స్’ అని పిలిచేవారు. 1921లో ఏర్పడిన భారత కేంద్ర పత్తి సంఘానికి 1923 నాటి పత్తి సెస్సు చట్టం సొంత ఆదాయం కల్పించింది. ఈ పత్తిని మిల్లులో వాడినా, విదేశానికి ఎగుమతి చేసినా, బేలుకు మొదటి మూడేళ్ళు నాలుగణాలు, తర్వాత రెండణాలు చొప్పున సెస్సు వసూలయ్యేది. చట్టం ప్రకారం దాన్ని కట్టింది మిల్లులు, ఎగుమతిదారులే అయినా, ఆ భారంలో కొంతైనా రైతుకు ముట్టే ధర మీద పడి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. ఆ డబ్బుతోనే సంఘం రాష్ట్రాల వ్యవసాయ శాఖల పరిశోధన పథకాలకు గ్రాంట్లు ఇచ్చింది, 1924లో బొంబాయి మాటుంగాలో దూదిపోగు నాణ్యతను పరీక్షించే ప్రయోగశాలను నెలకొల్పింది. ఆ సంఘంలో వ్యవసాయాధికారుల సరసన మిల్లుల, వ్యాపారుల, రైతుల ప్రతినిధులకు కూడా స్థానం ఉండేది. ఎవరి సొమ్ముతో పరిశోధన జరుగుతుందో వారికి ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఉండాలన్న ఈ సూత్రం విలువైనది. 1966లో సంఘం రద్దయి, దాని బాధ్యతలు భారత వ్యవసాయ పరిశోధన మండలికి చేరిన తర్వాత కూడా మరువకూడనిది.

నిపుణుల పరీక్షను క్రమబద్ధం చేసిన ఘనత ఎక్కువగా అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలది. యుద్ధకాలపు వైద్య పరిశోధన ఒప్పందాలు తమ చేతికి వచ్చినప్పుడు, 1946లో ఆ సంస్థలు గ్రాంట్లకు ఒక ప్రత్యేక విభాగాన్ని తెరిచి, శాస్త్ర శాఖల వారీగా ‘స్టడీ సెక్షన్’ అనే నిపుణుల బృందాలను ఏర్పరచాయి. అధికారి పని అక్కడ దగ్గరగా కనిపిస్తుంది. వచ్చిన ప్రతిపాదనను ఆయన మొదట తాను చదివి, సాధారణంగా ముగ్గురు సమీక్షకులకు అప్పగిస్తారు. దరఖాస్తుదారుతో ఒకే సంస్థలో ఉన్నవారిని, ఇటీవల కలిసి వ్యాసాలు రాసినవారిని ఆ పనికి దూరంగా ఉంచుతారు. సమావేశంలో అలాంటి ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు సంబంధిత సభ్యుణ్ణి గది బయటికి పంపి, చర్చ, మార్కులు పూర్తయ్యాకే లోపలికి పిలుస్తారు. మార్కులు ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉంటాయి, ఒకటి అన్నింటికన్నా మేలైనది. చివరికి సమీక్షకుల అభిప్రాయాలను, చర్చ సారాంశాన్ని ఒక నివేదికగా కూర్చి దరఖాస్తుదారుకు అందేటట్టు చూస్తారు. గట్టి గొంతున్న ఒక్క సభ్యుడు గది మొత్తాన్ని తన వైపు తిప్పుకోకుండా చూడడం ఏ నిబంధనావళిలోనూ పూర్తిగా ఇమడని పని, బహుశా అన్నింటిలోకీ కష్టమైనదీ అదే. ఇదంతా మొదటి మెట్టు మాత్రమే. రెండవ మెట్టులోని సలహా మండలిలో శాస్త్రజ్ఞులతో పాటు సాధారణ పౌరుల ప్రతినిధులు కూడా కూర్చుంటారు. నాణ్యత, అవసరం అనే రెండు ప్రశ్నలను ఇలా విడదీసి అడగడమే ఆ ఏర్పాటులోని వివేకం.

గ్రాంట్లు ఇచ్చే సంస్థ బాధ్యతను మోసిన తెలుగువారిలో ముందుగా చెప్పుకోదగినవారు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన ఆయన 1979 నుంచి 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1911లో మొదలైన భారత పరిశోధన నిధి సంఘమే 1949లో ఈ మండలిగా మారింది. తన సొంత ప్రయోగశాలల్లో పరిశోధన జరపడంతో పాటు, వెలుపలి కళాశాలలకు, ఆసుపత్రులకు గ్రాంట్లు ఇవ్వడం దాని ప్రధాన విధుల్లో ఒకటి. అధికారి కాకముందు ఆయన పరిశోధకుడు. 1956లో కాంగ్రా లోయలో మొదలైన అధ్యయనంలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు సరఫరా చేసి, గొంతువాపు జబ్బు అయోడిన్ అందిన చోట తగ్గుతుందని ఆయన, ఆయన సహచరులు నిరూపించారు. 1962లో దేశవ్యాప్త నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. మామూలు ఉప్పు తిన్న ప్రాంతం ఎంతకాలం ఎదురుచూడాలన్న ప్రశ్నను నేటి సమీక్షకులు తప్పక అడుగుతారు. ఆయన హయాంలోనే, 1980లో, మనుషుల మీద జరిపే పరిశోధనకు నైతిక నియమాలను మండలి ప్రకటించింది, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అధ్యక్షతన ఏర్పడిన సంఘం వాటిని రూపొందించింది. శాస్త్రం బాగుంటే చాలదని, రోగికి జరిగే మేలుకీడులను కూడా విడిగా తూచాలని ప్రభుత్వ సంస్థ ఒప్పుకోవడం చిన్న మార్పు కాదు.

ఇదే బాధ్యత ఇప్పుడు గ్రాంట్లు ఇచ్చే ఒక కొత్త సంస్థ మీదా ఉంది. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు ఐదేళ్ళలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్చాలన్నది లక్ష్యం. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో పరిశోధనను పెంచడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ఆదోని, ఎమ్మిగనూరు కళాశాలల అధ్యాపకుడెవరైనా గులాబీ రంగు పురుగు మీదో, చేనేత నూలు మీదో ప్రతిపాదన పంపితే, పేరున్న సంస్థ నుంచి రాలేదన్న ఒక్క కారణంతో అది పక్కకు పోకుండా చూడవలసింది సమీక్షను నడిపే అధికారే. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణాలు రాసి పంపాలి. మంజూరైన ప్రతి పథకానికీ, ఆ పనిలో ఏం తెలుసుకోబోతున్నారో రైతుకు, నేతగాడికి అర్థమయ్యేటట్టు ఒక పుట తెలుగులో రాయించి ఆదోని మార్కెట్ యార్డు దాకా చేర్చాలి. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కరలేదు. గ్రాంట్లను పర్యవేక్షించే అధికారులు వీటిని ఈ ఏడే మొదలుపెట్టాలి, ఇక్కడి అధ్యాపకులూ రైతులూ వాటిని హక్కుగా అడగాలి.