హైస్కూలు పిల్లలకు తత్వశాస్త్రం ఎందుకు?
(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ట్యూషన్ కేంద్రంలో ఆదివారాలు నడిచే తత్వశాస్త్రం తరగతి గురించి నిరుడు ఇదే సభలో ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. "ఫీజు కడితే రసీదు కనిపిస్తుంది. పుస్తకం కొంటే పుస్తకం కనిపిస్తుంది. ఈ తరగతిలో కనిపించేదేమిటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఈ రోజు ఆ లెక్క అప్పజెప్పడానికి నిలబడ్డాం.

ముందు మా పొరపాటు ఒప్పుకుంటాం. మొదట్లో పిల్లలకు పేర్లు చెప్పాం. సోక్రటీస్, అరిస్టాటిల్, అల్ ఫారాబీ, ఇబ్న్ సీనా అంటూ ఎవరెప్పుడు పుట్టారో, ఏం రాశారో నోట్సు రాయించాం. నెల తిరిగేసరికి సగంమంది మానేశారు. మిగిలినవారు "ఇది పరీక్షలో వస్తుందా సార్?" అని అడిగారు. తప్పు పిల్లలది కాదు. ప్రశ్న పుట్టకముందే జవాబు వడ్డించాం. ఆకలి లేనివాడికి బిర్యానీ అయినా సయించదు కదా!

తరువాత దారి మార్చాం. ఒక ఆదివారం ఉదయం ఆవరణలో ఇసుక డబ్బాలో కర్ర నిలిపి, దాని నీడ చివర సుద్దముక్కతో గీత గీయించాం. "నీడ కదులుతోందా?" అని అడిగాం. అందరూ కన్నార్పకుండా చూసి లేదన్నారు. లోపల గంటసేపు లెక్కలు చేసుకుని వచ్చేసరికి నీడ గీతను వదిలి పక్కకు జరిగింది. "అయితే మీ కళ్లు అబద్ధం చెప్పాయా?" అన్నాం. అంతే, వాదన మొదలైంది. కన్ను తప్పు కాదు, మన తొందరే తప్పని ఒకరు. గడియారంలో చిన్నముల్లూ అంతేనని ఇంకొకరు. జొహర్ అజాన్ వినిపించేదాకా ఎవరూ లేవలేదు.

అప్పుడు చెప్పాం, ఈ నీడ ఉదాహరణ ఇమామ్ గజాలీ వారు 'అల్ మున్ఖిజ్ మినజ్ జలాల్'లో ఇచ్చినదేనని. కంటికి దీనారు నాణెమంత కనిపించే నక్షత్రం గణితం ప్రకారం భూమికన్నా పెద్దదని కూడా ఆయన అక్కడే రాశారు. బాగ్దాద్ నిజామియా మదరసాలో గొప్ప ఆచార్యుడై ఉండి, 1095లో ఆ పదవిని వదిలి వెళ్లిన మనిషి. ఈసారి ఆ పేరు ఎవరూ మరచిపోలేదు. ప్రశ్న ముందే వాళ్లదైపోయింది మరి.

ఇంకోసారి 12వ శతాబ్దంలో అందలూసియాకు చెందిన ఇబ్న్ తుఫైల్ రాసిన 'హయ్ ఇబ్న్ యఖ్జాన్' కథ చెప్పాం. మనుషులు లేని దీవిలో జింక పాలు తాగి పెరిగిన పిల్లవాడి కథ అది. ఒకనాడు ఆ తల్లిజింక చనిపోతుంది. కథ అక్కడ ఆపి, "జింక అక్కడే ఉంది. మరి వెళ్లిపోయిందేమిటి?" అని అడిగాం. అంతకుముందే తండ్రిని పోగొట్టుకుని, తరగతిలో ఎన్నడూ మాట్లాడని ఎనిమిదో తరగతి అబ్బాయి ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు. ఏమన్నాడో ఇక్కడ చెప్పం. అది ఆ గదిలో మాట.

తరగతికి రెండే నియమాలు. ఏ మాటకైనా కారణం చెప్పాలి. ఎదుటివారిని కాదనాలంటే, ముందు వారి మాటను సరిగ్గా తిరిగి చెప్పి "అవును, నేనన్నది అదే" అనిపించుకోవాలి.

"ప్రశ్నలు నేర్పితే పిల్లలు ఎదురు తిరగరా? దీన్‌కు దూరం కారా?" అని కొందరు తల్లులు భయపడ్డారు. అమ్మా, ప్రశ్నలు మేము నేర్పలేదు, అవి పిల్లల దగ్గర ముందే ఉన్నాయి. మనం వినకపోతే సెల్‌ఫోనులో ముక్కూమొహం తెలియనివారు జవాబు చెబుతారు. గజాలీ వారు తన సందేహాన్ని దాచుకోలేదు, దాని గుండా నడిచి అవతలికి చేరారు. ఆ తల్లులనే వచ్చి కూర్చోమన్నాం. ఇద్దరు ఇప్పుడు ఒక్క ఆదివారం కూడా మానడం లేదు.

ఇక ఖర్చు. సుద్దముక్కలు, జిరాక్సు కాగితాలు, చాయ్. జకాత్ సొమ్ములో ఒక్క పైసా ఇందులోకి రాదు, అది అర్హులైన పిల్లల ఫీజులకే. మేము అడిగేది వేరు. డిగ్రీ చదివిన మీ అబ్బాయినో అమ్మాయినో ఆదివారం రెండు గంటలు మాకివ్వండి. పాఠం చెప్పడానికి కాదు, ఓపిగ్గా వినడానికి.

నిరుడు అడిగిన పెద్దాయన ఈ సభలోనే ఉన్నారు. అయ్యా, ఈ తరగతికి రసీదు ఇవ్వలేం. ఒక ఆదివారం వచ్చి వెనక బెంచీ మీద కూర్చోండి. కనిపించేదేమిటో మీరే చూసి, వచ్చే ఏడు ఈ వేదిక మీద మీరే చెప్పండి.