పేరాకీ పేరాకీ మధ్య



తిరుమలలో అన్నమయ్య కీర్తనల రాగిరేకుల గురించి వినే ఉంటారు. రేకు మీద చోటు తక్కువ. అక్షరాలు సర్దుకోవాల్సిందే. ఈ-బుక్‌లో చోటుకు కరువు లేదు. అయినా చాలా ఈ-బుక్‌లు కంటికి చికాకే. ఎందుకంటారా? పేరాల మధ్య ఖాళీ కుదరక.

దామలచెరువు మధురాంతకం రాజారాం గారి కథల్లాంటి పుస్తకం తయారుచేస్తున్నామనుకోండి. పేరా అయిందంటే ఎంటర్ మీట రెండు మూడుసార్లు నొక్కేస్తాం. అక్కడే తప్పు. ఆ ఖాళీ ఫోన్లో ఒకలా, కిండిల్‌లో ఇంకోలా కనబడుతుంది.

మరేం చేయాలి? హెచ్‌టీఎంఎల్‌లో ప్రతి పేరానూ పీ ట్యాగులో పెట్టండి. ఖాళీ సంగతి, పుస్తకం రూపం చూసుకునే సీఎస్ఎస్‌కు వదిలేయండి. కథలకైతే పేరాల మధ్య మార్జిన్ సున్నా, మొదటి వరుస కాస్త లోపలికి. పాఠాలకైతే పేరాల మధ్య ఖాళీ, వరుస జరపక్కర్లేదు. రెండింట్లో ఒకటే. రెండూ కలపొద్దు.

కొలత పిక్సెళ్లలో వద్దు, అక్షరం సైజును బట్టి మారే ఎమ్‌లలో ఇవ్వండి. చదివేవారు అక్షరం పెంచితే ఖాళీ కూడా దాంతోపాటే పెరుగుతుంది. మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. అందుకే వరుసల మధ్య ఎడం ఇంగ్లిషుకన్నా ఎక్కువుండాలి. కీర్తన పాదాలు విరవడానికి మాత్రం బీఆర్ ట్యాగు వాడుకోవచ్చు.

మళ్లీ చెబుతున్నా. ఖాళీ కోసం ఎంటర్ నొక్కకండి. పేరాకు పీ ట్యాగు, ఖాళీకి సీఎస్ఎస్. పుస్తకం పూర్తయ్యాక ఒకసారి ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి చూసుకోండి. అప్పుడే పాఠకుడి చేతికివ్వండి.