తక్కువ బడ్జెట్‌లో వీడియో కెమెరా కొంటున్నారా? ముందు ఇవి చూడండి

"అన్నా, పదివేల లోపు మంచి వీడియో కెమెరా చెప్పు" అని చాలామంది అడుగుతున్నారు. ఆ రేటులో బాక్స్ మీద పెద్దగా 4కే అని రాసుండే, పేరు తెలియని క్యామ్‌కార్డర్లు మాత్రం కొనొద్దనే చెప్తాను.

అసలైన 4కే అంటే 3840 బై 2160 పిక్సెల్స్. చాలా చవక కెమెరాల్లో సెన్సర్‌కి అంత వివరం పట్టే శక్తి ఉండదు. చిన్న బొమ్మనే సాగదీసి 4కే అని సేవ్ చేస్తాయి. స్పెసిఫికేషన్స్‌లో "ఇంటర్‌పొలేషన్" అని ఉంటే అర్థం అదే. "16ఎక్స్ డిజిటల్ జూమ్" కూడా అంతే, బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే.

ఇంట్లో తీసే వీడియోలకైతే మీ ఫోన్‌లో ఫుల్ హెచ్‌డీ చాలు. ఆ డబ్బుతో ముందు ఒక ట్రైపాడ్, ఒక కాలర్ మైక్ కొనండి. బొమ్మ కాస్త తగ్గినా చూస్తారు, మాట వినపడకపోతే స్కిప్ చేసేస్తారు.

మరి కెమెరా ఎప్పుడు కొనాలి? చెల్లి డాన్స్ ప్రోగ్రాం వెనక వరసలోంచి తీయాలంటే ఆప్టికల్ జూమ్ కావాలి. దానికి మంచి కంపెనీ హ్యాండీక్యామ్ సెకండ్ హ్యాండ్‌లో అయినా పర్లేదు. కానీ కొనేముందు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, మైక్ జాక్ ఉందో లేదో, ఆగకుండా ఎంతసేపు రికార్డ్ అవుతుందో అక్కడే ఆన్ చేసి చూడండి. కొన్ని ఫోటో కెమెరాల్లో 30 నిమిషాలకే రికార్డింగ్ ఆగిపోతుంది. మధ్యలో ఆగిపోతే చెల్లి మళ్లీ స్టేజీ ఎక్కి ఆడదు కదా!

కాబట్టి ఏం తీయాలో ముందు తేల్చుకోండి, కెమెరా సంగతి తర్వాత.